నేల మీద పడుకుని చూసిన రోబో

మేం అమ్మిన రోబో నా పక్కన నిలబడితే నా మోకాలిదాకా రాదు. నేను రాసిన ప్రకటనలో మాత్రం అది తలుపంత ఉండేది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలోనే నా ఉద్యోగం నడిచింది. ఒక డిసెంబరు ఉదయం సరిగ్గా ఆ ఖాళీలోకే ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒక ప్రభుత్వ అధికారి వచ్చి నిలబడ్డాడు.

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోనో సిడ్నీ శివారు ద పాండ్స్‌లోనో ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ మీద ప్రకటనలు రాసే మీ తరానికి ఈ సంగతి చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మీరు రాసిన మాట మీకే నచ్చకపోతే చటుక్కున మార్చేస్తారు. మా మాట అచ్చయి, వారపత్రిక వెనక అట్ట మీదికెక్కి, దేశమంతా తిరిగేసేది. దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు.

ఎనభైల చివర్లో సిడ్నీ పడమటి శివార్లలో ఒక గోదాములో ప్యాకింగ్ పనికి చేరాను. గుంటూరులో చదివిన బి.ఏ. ఇక్కడ దేనికీ పనికిరాదని అప్పటికే నలుగురు మర్యాదగా చెప్పారు. అది పోస్టులో సరుకు పంపే కంపెనీ. పత్రికలో ప్రకటన కింద మూలన చుక్కల గీతతో కూపన్ ఉంటుంది. దాన్ని కత్తిరించి, పేరూ చిరునామా రాసి, చెక్కు జతచేసి పంపితే మేం వస్తువు పంపేవాళ్ళం. కొనేవాళ్ళు వస్తువును ముట్టుకోరు. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ మొహం చూడరు. చీరాలలో మా నాన్నకు ఈ వ్యాపారం గురించి ఉత్తరం రాస్తే, మొహం చూడకుండా బేరం ఎలా ఆడతారే అని తిరుగు టపాలో అడిగాడు. ఆయన ప్రశ్న సబబైనదే.

మాది బట్టల కొట్టు. పక్కది బాబాయి కిరాణా కొట్టు, ఎదురుగా మేనమామ స్టీలు సామాన్ల కొట్టు. ఆ వీధిలో పుట్టిన పిల్లకు మాటలు రావడం, బేరం రావడం ఒకేసారి జరుగుతాయి. నాకు బేరం ముందొచ్చిందని మా అమ్మ అనేది. ఆడపిల్లను కొట్లో కూర్చోబెడతారా అని చుట్టాలు ముక్కున వేలేసుకుంటే, నాన్న నన్ను తీసి మరింత ముందు వరసలో కూర్చోబెట్టాడు.

మా కంపెనీ యజమాని కూడా కొట్లో పెరిగినవాడే. చిన్నప్పుడే లెబనాన్ నుంచి వచ్చాడు. రైల్వే స్టేషను పక్కన వాళ్ళ నాన్న పళ్ళ దుకాణం నడిపేవాడట. ఒక రోజు ఆయన ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి కొత్తగా తెప్పించిన రేకు రోబో ప్రకటన పైకి చదివాడు. రేకుతో చేసినది, బ్యాటరీతో నడుచును, కళ్ళు వెలుగును. అంతే. నా నోరు ఊరుకోలేదు. మా కొట్లో చీరను ఎవరూ నూలుది, ఇన్ని గజాలది అని చెప్పి అమ్మరు, తాసిల్దారుగారి పెద్దమ్మాయి సీమంతానికి తీసుకున్న రకం అని చెప్పి అమ్ముతారు అన్నాను. ఆయన అట్టముక్క ఒకటి నా ముందు పడేసి, అయితే నువ్వే రాయి అన్నాడు. రాసినందుకు ఏం కావాలన్నాడు. నేను ఓ కుర్చీ అడిగాను. ప్యాకింగ్‌లో రోజంతా నిలబడే చెయ్యాలి. తర్వాత తెలిసింది, ఆయన జీతం పెంచడానికే సిద్ధపడి అడిగాడట. చీరాల పరువు తీశాను.

కంపెనీలో ప్రకటనలకు బొమ్మలు వేసే పెద్దాయన ఒకడుండేవాడు. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చినవాడు, పాతికేళ్ళుగా పోస్టులో అమ్మే బొమ్మలకు ప్రకటనలు గీస్తున్నవాడు. తన గది గోడ నిండా పాత ప్రకటనలు అతికించుకున్నాడు. గ్రహాంతరాల నుంచి దిగుతున్న రోబోలు, చంద్రుడి మీద కాపలా కాస్తున్న రోబోలు, మంటల్లోంచి నడిచొస్తున్న రోబోలు. నాకు మొదటి పాఠం ఆ గోడ దగ్గరే.

“వీటిలో ఏం లేదో చూడు, లవ్,” అన్నాడు. లవ్ అంటే వాళ్ళ వైపు ‘అమ్మాయ్’ అన్నట్టే.

చూశాను. ఏ బొమ్మలోనూ రోబో పక్కన మనిషి లేడు. మహా అయితే ఒక చెయ్యి, లేదా దూరంగా వెనక్కి తిరిగిన ఒక తల. పూర్తి మనిషిని పక్కన నిలబెడితే రోబో కొలత తెలిసిపోతుంది.

నాకు మా కొట్టు గుర్తొచ్చింది. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు పరుపు మీద కూర్చుంటారు. నాన్న నిలబడి చీర విప్పి పైనుంచి జారవిడుస్తాడు. కింద కూర్చున్నవాళ్ళకు అంచు నదిలా కనిపిస్తుంది. అదే చీరను నిలబడి చూస్తే మామూలు అంచే. అందుకని, పిల్ల నేల మీద పడుకుంటే కనిపించేలా రోబోను గియ్యమని పెద్దాయనతో చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, సిగరెట్టు ఆర్పి, గీశాడు. గుమ్మంలో రోబో, దాని వెనక వెలుతురు, కాళ్ళు స్తంభాల్లా. కింద నేను రాసిన కథ. అప్పట్లో ఇంగ్లీషులో రాసిందాన్ని ఇప్పుడు తెలుగులో చెప్తున్నాను:

“దీపం ఆర్పాక నీ గుమ్మంలో ఎవరు కాపలా? నేను. నా కళ్ళు వెలుగుతాయి. నా అడుగుల చప్పుడుకు చీకటి వెనక్కి తగ్గుతుంది. నేను ఎదురొస్తే నువ్వు తల ఎత్తి చూడాలి. నన్ను ఏదీ ఆపలేదు.”

ఆఖరి వాక్యం కిందే కూపన్. ఆ వాక్యం చదివిన ఊపులో కత్తెర తియ్యాలని నా లెక్క. తీశారు కూడా. సంచుల కొద్దీ కూపన్లొచ్చాయి. యజమాని ఉన్న డబ్బంతా పెట్టి కంటెయినరు నిండా రోబోలు తెప్పించాడు. క్రిస్మస్ బాగా నడిస్తే ప్యాకింగ్‌లో రోజుకూలీగా ఉన్న ఆడవాళ్ళందరినీ పర్మనెంట్ చేస్తానన్నాడు. నడవకపోతే జనవరిలో షట్టరు ఎత్తడం ఉండదని కూడా అన్నాడు. అవి దేశమంతా ఉద్యోగాలు పోతున్న రోజులు. ఆయన బెదిరించడానికి అనలేదు.

ఆ ఆడవాళ్ళలో మా చర్చి ఆంటీ ఒకరు. గుంటూరు వైపు మనిషి. నేనే తీసుకొచ్చి పనిలో పెట్టించాను. ఆవిడ భర్తకు కార్ల ఫ్యాక్టరీలో పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఇంటి అద్దె ఈవిడ చేతుల మీదే నడుస్తోంది.

ఇక ఆ రోజు. దేశం ఉత్తర కొసన ఉన్న డార్విన్‌కు వెళ్ళే లారీ పొద్దున్నే వచ్చి షట్టరు ముందు ఆగింది. క్రిస్మస్‌కు ముందు అటు వెళ్ళే ఆఖరి లారీ అదే. పైన వానలు మొదలయ్యాయి, రోడ్డు మునిగితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేమని డ్రైవరు ముందురోజే ఫోను చేశాడు. ఆర్వో కల్లా, అంటే మధ్యాహ్నానికల్లా, కదిలిపోతానని, ఎవరి కోసమూ ఆగనని వచ్చీ రాగానే చెప్పి, మాంసం కూరిన మీట్‌పై రొట్టె తింటూ క్యాబిన్‌లో కూర్చున్నాడు. సగం పెట్టెలు ఎక్కించేసరికి ఆ అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇక్కడి డిసెంబరు ఎండలో కూడా కోటు విప్పని మనిషి. కొనేవాళ్ళ ఫిర్యాదులు చూసే ఆఫీసు నుంచి వచ్చానన్నాడు. ముందు పంపిన కొన్ని రోబోలు అందుకున్న తల్లిదండ్రుల్లో ఎవరో రాశారట, ప్రకటనలో బొమ్మకూ పెట్టెలో బొమ్మకూ పొంతన లేదని.

ఎక్కించడం ఆపమన్నాడు. గొంతు పెంచలేదు. ఆంటీ చేతిలో పెట్టె చేతిలోనే ఉండిపోయింది.

ప్యాకింగ్ బల్ల మీద ప్రకటన పరిచాడు. పక్కన ఒక రోబోను నిలబెట్టమన్నాడు. ఇది ఎవరు రాశారు అని అడిగాడు. యజమాని పెద్దాయనను చూశాడు. పెద్దాయన నన్ను చూశాడు. నా వెనక చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు.

“నేనే,” అన్నాను.

ఆయన ఒక్కో వాక్యం పైకి చదవడం, రోబోను చూడడం మొదలుపెట్టాడు. కళ్ళు వెలుగుతాయి అని చదివి మీట నొక్కాడు. వెలిగాయి. ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాడు. అడుగుల చప్పుడు అని చదివాడు. రేకు కాళ్ళు బల్ల మీద టకటకలాడాయి. ఇంకో టిక్కు. చీకటి వెనక్కి తగ్గుతుంది అన్నదాన్ని కాసేపు చూసి, అది కొలవలేం అని వదిలేశాడు.

“ఎదురొస్తే నువ్వు తల ఎత్తి చూడాలి.” రోబోను తీసి తన బూటు పక్కన నేల మీద పెట్టాడు. కిందికి చూశాడు. మేమందరం కిందికి చూశాం. అంత చిన్నగా ఆ రోబో నాకు అంతకు ముందెప్పుడూ కనిపించలేదు. ఆ వాక్యం చుట్టూ సున్నా చుట్టాడు.

యజమాని కాఫీ తెప్పించాడు, అధికారి ముట్టుకోలేదు. తన భార్య చేసిన బక్లావా మిఠాయి తెప్పించాడు, ముట్టుకోలేదు. ఇది బొమ్మ, అందరికీ తెలుసు ఇది బొమ్మేనని యజమాని గొంతు పెరిగింది. అందరికీ తెలిస్తే ఫిర్యాదులు ఎందుకొస్తాయని అధికారి అడిగాడు. ప్రకటన తప్పుదారి పట్టించేదని తాను రాసుకుంటే, విచారణ ముగిసేదాకా ఒక్క పెట్టె కూడా గోదాము దాటదన్నాడు. విచారణ జనవరిలో మొదలవుతుంది. బయట డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు.

ఆంటీ నా పక్కకొచ్చి తెలుగులో మెల్లగా అడిగింది: “ఏమ్మా, ఆపేస్తాడంటనా? ఈ ఆర్డర్సు పోకపోతే బాసు మమ్మల్నందర్నీ ఇంటికి పొమ్మంటాడు గదా. నీ కథలు బానే ఉంటయ్ గానీ, ఇప్పుడేదో ఒకటి చెప్పి గట్టెక్కించు తల్లీ.”

చీరాలలో బేరం తెగనప్పుడు నాన్న ఒక పని చేసేవాడు. నిలబడి చూస్తున్నవాళ్ళను కూర్చోమనేవాడు. నాకు అంతకంటే మంచి ఆలోచన రాలేదు.

“సార్, మీరు నిలబడి చూస్తున్నారు,” అన్నాను.

“కొనేవాళ్ళు నిలబడే ఉంటారు,” అన్నాడు.

“ఆడుకునేవాళ్ళు పడుకుని ఉంటారు. ఆ బొమ్మ గీసింది అక్కణ్ణుంచే.”

యజమాని కళ్ళు మూసుకున్నాడు. నా కుర్చీ పోయిందనే అనుకున్నాను. అధికారి ప్రకటనను చేతిలోకి తీసుకుని, గీతల్ని, గుమ్మాన్ని, స్తంభాల్లాంటి కాళ్ళను మళ్ళీ చూశాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. కోటు విప్పి మడిచి బల్ల మీద పెట్టాడు. శుభ్రమైన అట్ట ఒకటి ఇమ్మన్నాడు.

అంత పొడుగు మనిషి మా గోదాము సిమెంటు నేల మీద బోర్లా పడుకుని, గడ్డం అట్టకు ఆనించాడు. యజమాని పరుగెత్తి షట్టరు సగం దించాడు. లోపల మసక కమ్మాక, షట్టరు కిందినుంచి వచ్చే వెలుతురుకు ముందు నేను రోబోను వదిలాను. కళ్ళు వెలిగాయి. టకటకా నడుచుకుంటూ ఆయన మొహం దాకా వెళ్ళింది. దాని నీడ ముందుగా ఆయన మీద పడింది. ఆయన తల కొద్దిగా పైకి లేచింది.

నేను మాత్రమే కాదు, అందరమూ చూశాం.

“ఇంకోసారి,” అన్నాడు.

రెండోసారి అవసరమైనదానికంటే ఎక్కువసేపే పడుకున్నాడని నా అనుమానం. తర్వాత లేచి, ప్యాంటు దులుపుకుని, సున్నా పక్కన ‘నేల మీంచి’ అని చిన్నగా రాసుకున్నాడు. ఆంటీ నా మోచెయ్యి నొక్కింది. గెలిచామనుకున్నాం. ఆయన కోటు తొడుక్కోలేదు.

“ఇక్కడ పిల్లలు పడుకునేది సిమెంటు మీద కాదు గదా,” అన్నాడు. “కార్పెట్ ఎక్కడుంది?”

గోదాములో కార్పెట్ ఉన్నది యజమాని గదిలోనే. ఆయన మర్యాద కోసం వేయించుకున్న మందపాటి కార్పెట్. దాని మీద రోబో కొన్ని అడుగులు బాగానే వేసింది. తర్వాత ఒక కాలు నూలులో చిక్కుకుని మొహం మీద బోర్లా పడింది. పడి కూడా ఆగలేదు. కాళ్ళు గాల్లో కొట్టుకుంటూ, లోపల చక్రాలు గరగరమంటూ అక్కడే ఉండిపోయింది. పెద్దాయన దగ్గొచ్చినట్టు గుమ్మం బయటికి నడిచాడు.

“నన్ను ఏదీ ఆపలేదు,” అని అధికారి చదివాడు. ఏ మాత్రం నవ్వలేదు. కాగితాన్ని కార్పెట్ మీదే పెట్టి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. కార్పెట్ మెత్తదనానికో ఏమో, పెన్సిలు జారి గీత కింద కూపన్ మూల మీదుగా పోయింది.

యజమాని ఈ పీసు బాగాలేదు, ఇంకోటి తెస్తానని లేచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇంకోటి కూడా పడితే ఉన్న రెండు టిక్కులూ పోతాయి. పైగా ఆ మనిషి మొహం నాకు అప్పటికి అర్థమైంది. బాబాయి కిరాణా కొట్లో ఇలాంటివాళ్ళను చూశాను. తూకం సరిగ్గా ఉందని తెలిసినా కదలరు. పొట్లం కట్టాక కూడా నిలబడే ఉంటారు. వాళ్ళకు కావలసింది కొసరు. గుప్పెడు శనగలో, చిన్న బెల్లం ముక్కో పైన వేస్తేనే బేరం ముగిసినట్టు. ఉత్త చేతులతో ఆఫీసుకు వెళ్ళి ఈయన మాత్రం ఏమని చెప్తాడు?

“ఆ వాక్యం మీకు ఇచ్చేస్తాం సార్,” అన్నాను. “కార్పెట్ మీద పడుతుందని ప్రతి పెట్టెలో చీటీ పెడతాం.”

“పెట్టెలో కాదు. పెట్టె పైన. తెరవకముందే కనిపించాలి. వద్దనుకుంటే తిరిగి పంపొచ్చని కూడా ఉండాలి.”

యజమాని నా వైపు చూసిన చూపు చెప్పలేను. పైన అతికిస్తే తిరిగొచ్చే పెట్టెలతోనే గోదాము నిండుతుందని ఆయన భయం. నాకూ అదే భయం. లోపల అన్నాను, పైన అన్నాడు. పక్కన అన్నాను, పైన అన్నాడు. మాటలైనా నావి ఉండనివ్వమన్నాను. బొమ్మ ఎత్తు, కార్పెట్ సంగతి, తిరిగి పంపే సంగతి, మూడూ ఉంటే ఎవరి మాటలైనా తనకు ఒకటేనన్నాడు.

బయట లారీ ఇంజను స్టార్టయింది. యజమాని వెళ్ళి లారీకి ఎదురుగా నిలబడ్డాడు. నేను ప్యాకింగ్ బల్ల దగ్గరే నిలబడి అట్టముక్క మీద రాశాను, అడిగి సంపాదించిన కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోవాలని తోచలేదు:

“నేను మీ మోకాలికి కొంచెం తక్కువ. నన్ను పెద్దగా చూడాలంటే నేల మీద పడుకోండి. కార్పెట్ అంటే నాకు భయం, పడిపోతాను. నేను నచ్చకపోతే వెనక్కి పంపండి, ఏమీ అనుకోను.”

ఆయన రెండుసార్లు చదివాడు. ఎర్ర పెన్సిలు కిందికి దిగింది. ‘కొంచెం’ అన్న మాట ఒక్కటీ కొట్టేసి ఇచ్చాడు.

అదీ కొసరు. నేను అనుకున్న కొసరు నేనిచ్చాను, ఆయనకు కావలసిన కొసరు ఆయన తీసుకున్నాడు. మా బాబాయి చూసి ఉంటే ఆయనకు దణ్ణం పెట్టేవాడు.

ఆ తర్వాత జరిగింది వరసగా గుర్తులేదు. ఫోటోకాపీ యంత్రం కాగితం మింగి మొరాయించింది. పెద్దాయన దాన్ని బూటుకాలితో తన్నాడు, నడిచింది. ఆడవాళ్ళు చీటీలు కత్తిరించి, జిగురు పూసి అతికించారు. ఎక్కించేసిన పెట్టెల్ని మళ్ళీ దించాల్సి వచ్చింది. ఎవరి కోసమూ ఆగనన్న డ్రైవరు ఇంజను ఆపి, తిట్టుకుంటూనే పెట్టెలు అందించాడు. అధికారి నా కుర్చీలో కూర్చుని, మధ్య మధ్య ఒక పెట్టెను ఆపి చీటీ అంటుకుందో లేదో గోటితో గీకి చూశాడు. ఆఖరి పెట్టె ఎక్కించి ఆంటీ లారీ తలుపు మీద చరిచింది. లారీ కదిలింది. చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. ప్రకటన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఎప్పుడు వెళ్ళాడో వెళ్ళిపోయాడు. వస్తానని కూడా చెప్పలేదు.

జనవరిలో షట్టరు ఎత్తాం. కొన్ని పెట్టెలు తిరిగొచ్చాయి, మేం భయపడినన్ని కాదు, యజమాని ఆశపడినంత తక్కువా కాదు. ఆంటీకి పర్మనెంట్ అయింది. మిగిలినవాళ్ళలో కొందరికి కాలేదు. అది నా కథలు మార్చగలిగేది కాదు. తర్వాతి ప్రకటనలో రోబో పక్కన నిలువెత్తు మనిషి కాళ్ళు గీయించాను, మోకాళ్ళ దాకా. పెద్దాయన నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

వానలు తగ్గి డార్విన్ రోడ్డు తెరిచాక, ఒక ఉదయం కూపన్ల సంచి విప్పుతుంటే ఆంటీ ఒకటి తీసి నా ముందు పెట్టింది. పాత ప్రకటనలోంచి కత్తిరించినది. చుక్కల గీత వెంట ఎంతో జాగ్రత్తగా కత్తిరించారు. ఎవరో ఆడపిల్ల పేరు, డార్విన్‌లో చిరునామా. పై మూల మీదుగా అడ్డంగా ఒక ఎర్ర పెన్సిలు గీత.

యజమానికి చూపించాం. డబ్బు తీసుకోకుండా పంపేద్దామన్నాడు. అది లంచం అవుతుందన్నాను. పెద్దాయన పెట్టె మీద ఏదైనా బొమ్మ గీస్తానన్నాడు. వద్దన్నాను. అందరికీ పంపినట్టే చీటీ అతికించి పెట్టె కట్టాం.

“రెండు బ్యాటరీలన్నా వెయ్యనా అమ్మా, కొసరుగా?” అంది ఆంటీ.

వెయ్యొద్దన్నాను. బ్యాటరీలు విడిగా కొనుక్కోవాలని ప్రకటనలో రాశాం. ఆయన ఆ వాక్యం కూడా చదివే ఉంటాడు.